సివిల్ సర్వీసుల పరీక్షలో తెలుగు : పాఠ్యప్రణాళికను వెలుపలినుంచి చదివితే

యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరిపే సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో తెలుగు మూడు రూపాలలో ఎదురవుతుంది. అభ్యర్థి విధిగా ఉత్తీర్ణుడు కావలసిన భారతీయ భాషాపత్రం మొదటిది. సమాధానాలు రాసే మాధ్యమం రెండవది. ఐచ్ఛిక విషయంగా ఎన్నుకొనే సాహిత్యం మూడవది. దరఖాస్తులో ఈ మూడింటినీ వేరువేరుగా నింపాలి. మూడు చోట్లా ఒకే భాష రాయాలన్న నియమం లేదు. గుంటూరులోనో కరీంనగరులోనో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఈ తేడా పెద్దగా పట్టదు. బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు విద్యార్థుల సంగతి వేరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, కళాశాలలో ఇంగ్లీషు. ఈ మూడు గడుల ముందు వాళ్ళు తడబడటం సహజం.

ఆ తడబాటు రెండు విధాలుగా కనిపిస్తుంది. కొందరు "మాది అసలైన తెలుగు కాదు" అనుకొని తెలుగును అన్ని గడులలోనూ వదిలేస్తారు. మరికొందరు మాతృభాషాభిమానంతో అన్ని గడులలోనూ తెలుగనే రాస్తారు. పరీక్షమందిరంలో కూర్చున్నాక చేయి ఆడదు. రెండూ నష్టమే. ఏ గడిలో ఏ భాష రాయాలో తెలియాలంటే ఆ గడి వెనుక ఏ పరీక్ష ఉన్నదో ముందు తెలియాలి. అందులోనూ తెలుగు సాహిత్య పాఠ్యప్రణాళికను కాస్త నిదానంగా, ఒక గ్రంథాన్ని విమర్శించినట్లే చదవవలసి ఉన్నది. ఏ పాఠ్యప్రణాళిక అయినా ఒక చిన్న సాహిత్యచరిత్రే. దేనిని చేర్చిందో, దేనిని విడిచిందో చూస్తే, దానిని రూపొందించినవారు తెలుగును ఎంతవరకు విస్తరించిన భాషగా ఊహించారో తెలుస్తుంది.

1. నేపథ్యం

భారతీయ భాషలకు ఈ పరీక్షలో చోటు ఒక్కనాడు దొరకలేదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటినీ ఉన్నత ఉద్యోగ పరీక్షలకు మాధ్యమాలుగా అనుమతించాలని పార్లమెంటు 1968లో తీర్మానించింది. దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1976లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1979నుంచి పరీక్ష నేటి రూపానికి వచ్చింది. అభ్యర్థులు తమ భాషలో సమాధానాలు రాసే వీలు కలిగింది. 2013లో ప్రధాన పరీక్షను మార్చి, రెండు ఐచ్ఛిక విషయాలకు బదులు ఒకే విషయాన్ని ఉంచారు. దానికి 250 మార్కుల పత్రాలు రెండు.

ఆ 2013 మార్పులలో వెలుపలి విద్యార్థులు మరవకూడనిది ఒకటి ఉన్నది. ఆ ఏడు మార్చిలో వెలువడిన మొదటి ప్రకటనలో, ఒక భాషాసాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకోవాలంటే డిగ్రీలో ఆ సాహిత్యాన్నే ప్రధాన విషయంగా చదివి ఉండాలన్న నిబంధన పెట్టారు. పార్లమెంటులోను బయటా నిరసనలు రావటంతో అదే నెలలో ఉపసంహరించారు. ఆ నిబంధన నిలిచి ఉంటే అందరికన్న ఎక్కువగా నష్టపోయేది తెలుగు డిగ్రీ చదివే అవకాశం దగ్గరలో లేని మన విద్యార్థులే. బరంపురంలో ఇంజనీరింగు చదివి, ఇంట్లో తాతగారి భారతభాగవతాలు చదువుకొన్న పిల్లవాడికి తెలుగు సాహిత్యం తలుపు మూసుకుపోయేది. ఇవాళ ఆ తలుపు తెరిచే ఉన్నది. డిగ్రీ ఏదైనా సరే, తెలుగులో చదవగలిగి రాయగలిగితే చాలు.

ఈ దారిలో వెళితే వెనుకబడిపోతామన్న భయానికి ఆధారం లేదు. 2016 పరీక్షలో జాతీయస్థాయిలో మూడవ ర్యాంకు పొందిన రోణంకి గోపాలకృష్ణ శ్రీకాకుళం జిల్లావారు. తెలుగు మాధ్యమంలో రాసి, తెలుగు సాహిత్యాన్నే ఐచ్ఛికంగా తీసుకొన్నారు.

2. ఉత్తీర్ణతాపత్రం : అభిమానం చాలదు

భారతీయ భాషాపత్రానికి 300 మార్కులు. ఇందులో వచ్చిన మార్కులు ర్యాంకుకు కలపరు. కాని నూటికి 25 వంతున, అంటే 75 మార్కులు రాకపోతే మిగిలిన పత్రాలు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు. వ్యాసానికి 100, పఠనావగాహనకు 60, సంక్షేపణకు 60, ఇంగ్లీషునుంచి తెలుగులోకి అనువాదానికి 20, తెలుగునుంచి ఇంగ్లీషులోకి 20, పదప్రయోగ వ్యాకరణాలకు 40 మార్కులు. ఇక్కడ పరీక్షిస్తున్నది సాహిత్యజ్ఞానం కాదు, మూడు గంటలపాటు తెలుగు లిపిలో తడుముకోకుండా రాయగల శక్తి. తెలుగు మాట్లాడగలగటం వేరు, రాయగలగటం వేరు. ఈ పత్రం రెండవదాన్నే అడుగుతుంది.

మన విద్యార్థుల రాతలో దొర్లే తప్పులు అజ్ఞానంవల్ల వచ్చేవి కావు; వాళ్ళు నేర్చిన మరొక లిపివల్ల వచ్చేవి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ఒత్తక్షరాలు లేవు. అందువల్ల తమిళ మాధ్యమంలో చదివినవాడు తెలుగు రాసేటప్పుడు సరళాల దగ్గరా మహాప్రాణాల దగ్గరా జారుతాడు. ఒడియాలోను మరాఠీ రాసే దేవనాగరిలోను ఎ, ఏ లకూ ఒ, ఓ లకూ వేరువేరు గుర్తులు వాడరు. బరంపురం, షోలాపూరు విద్యార్థుల తెలుగులో హ్రస్వదీర్ఘాలు తారుమారు కావటానికి కారణం ఇదే. కన్నడ లిపి తెలుగుకు తోబుట్టువు. అక్కడ చిక్కు తలకట్టు దగ్గర వస్తుంది. కారణం తెలిసిన తప్పును దిద్దుకోవటం సులభం. రోజుకొక పుట చొప్పున ఆరు నెలలు రాస్తే ఈ తప్పులలో చాలా భాగం పోతాయి.

అంత వ్యవధి లేనివారు ఈ ఒక్క పత్రానికి బడిలో చదివిన భాషనే ఎన్నుకోవటం మంచిది. హోసూరు విద్యార్థి ఈ గడిలో తమిళమని రాసినంత మాత్రాన తెలుగుకు ద్రోహం చేసినట్లు కాదు. తమిళనాడులో 2006నాటి చట్టం తరవాత బడులలో తమిళం మొదటి భాషగా స్థిరపడిన పరిస్థితిలో, ఆ విద్యార్థి చేయి బాగా నడిచేది ఆ లిపిలోనే. యానాం విద్యార్థి పరిస్థితి వీరందరికంటె మెరుగు. పుదుచ్చేరి పాలనలో ఉన్నా అతని చుట్టూ ఉన్నది గోదావరి తెలుగే.

మాధ్యమం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సామాన్య అధ్యయన పత్రాలను తెలుగులో రాయవచ్చు. ప్రశ్నలు మాత్రం హిందీలో, ఇంగ్లీషులో అచ్చవుతాయి. కనుక తెలుగు మాధ్యమం ఎన్నుకొన్న అభ్యర్థి ప్రతి ప్రశ్ననూ మనసులో అనువదించుకొని, పారిభాషిక పదాలు వెతుక్కొని, సమాధానం రాయాలి. తెలుగు సాహిత్యం మొదటి పత్రంలో అనువాద సమస్యలు, పరిభాష కల్పన అనే రెండు పాఠ్యాంశాలున్నాయి. ఒక పత్రంలో ఈ సమస్యను వివరించమని అడిగే పరీక్ష, మిగిలిన పత్రాలలో అదే సమస్యను అభ్యర్థి నెత్తిన పెట్టింది. ప్రశ్నలు తెలుగులో కూడా ముద్రించాలన్న కోరిక న్యాయమైనదే.

3. మొదటి పత్రం : ఎల్లలు దాటిన తెలుగు

సాహిత్య విషయంలో మొదటి పత్రం రెండు భాగాలు. భాషాభాగంలో ద్రావిడభాషలలో తెలుగు స్థానం, ధ్వనిపద వాక్య పరిణామం, అన్యభాషల ప్రభావం, ఆధునికీకరణ, మాండలికాలు, వాక్యనిర్మాణం, అనువాదం ఉన్నాయి. సాహిత్యభాగం ప్రాఙ్నన్నయ యుగంనుంచి దిగంబర, స్త్రీవాద, దళిత సాహిత్యాలవరకు వచ్చి జానపదంతో ముగుస్తుంది. ప్రణాళిక కర్తలను ఇక్కడ మెచ్చుకోవాలి. భాషాశాస్త్రానికి సాహిత్యంతో సమానమైన చోటు ఇచ్చారు. సమకాలీన ఉద్యమాలకు భయపడలేదు.

ఈ పాఠ్యాంశాలను పటం మీద గుర్తుపెట్టి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. దక్షిణాంధ్ర సాహిత్యం తొమ్మిదవ అంశం. రఘునాథ నాయకుడు, చేమకూర వేంకటకవి, కవయిత్రులు, యక్షగానం, వచనం, పదకవిత అన్నీ దానిలో ఉన్నాయి. ఇది తంజావూరు, మధురల చరిత్ర. భక్తికవులలో చేర్చిన త్యాగయ్య కావేరి తీరాన తిరువయ్యారులో జీవించినవాడు. భాషోద్యమాల మాట వస్తే గిడుగు రామమూర్తి పేరు ముందు రావాలి. ఆయన ఉపాధ్యాయుడుగా పనిచేసిందీ, సవర భాషను పరిశోధించిందీ పర్లాకిమిడిలో. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. పత్రికల పాత్ర మరొక అంశం. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1908లో వారపత్రికగా స్థాపించింది బొంబాయిలో; 1914లో దినపత్రికగా మారింది మద్రాసులో. నాటకం ఇంకొక అంశం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, రాఘవ ముగ్గురూ బళ్ళారివారుగా ప్రసిద్ధులు. ఆ బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది.

అంటే తెలుగు ఆధునికం కావటంలో పెద్ద ఘట్టాలు చాలా భాగం నేటి రెండు తెలుగు రాష్ట్రాల వెలుపలే జరిగాయి. ఆ ఊళ్ళ విద్యార్థి వీటిని పరాయి చరిత్రగా బట్టీపట్టనక్కరలేదు. అయినా పోటీపరీక్షల కోసం చేతులు మారే నోట్సులలో ఈ అంశాలు ఊళ్ళ పేర్లు కోల్పోయి కనిపిస్తాయి. గిడుగు ఉంటాడు, పర్లాకిమిడి ఉండదు. నాటకం ఉంటుంది, బళ్ళారి ఉండదు.

భాషాభాగంలో వెలుపలి విద్యార్థి బలం ఇంకా స్పష్టం. అన్యభాషా ప్రభావం అనగానే నోట్సులన్నీ సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు అని వరసపెట్టి ఆగిపోతాయి. ఇరుగుపొరుగు భాషలు రెండు పంక్తులతో సరి. ఇంట్లో రెండు భాషలు కలిసి బతికే విద్యార్థి దగ్గర ఇంతకన్న మంచి ఉదాహరణలున్నాయి. "అవసరం" అంటే తెలుగులో అక్కర. తమిళంలోను కన్నడంలోను తొందర. "ఉపన్యాసం" తెలుగులో ప్రసంగం, ఒడియాలో నవల. "చరిత్ర" తెలుగులో గతకాలపు వృత్తాంతమంతా. మరాఠీలో ఒక వ్యక్తి జీవితకథ. ఈ మూడు మాటలూ సంస్కృతంనుంచి వచ్చినవే. ఒకే మూలపదం పొరుగుభాషలలో వేరు దారులు పట్టినప్పుడు ద్విభాషి నాలుక మీద ఏమవుతుందన్నది అర్థపరిణామానికీ అనువాదానికీ సంబంధించిన మంచి ప్రశ్న. దుష్యంత చరిత్ర అన్న శీర్షికను చదివే షోలాపూరు విద్యార్థికి ఆ మాటలోని పాత అర్థం త్వరగా తట్టవచ్చు కూడా.

మాండలికాల అంశంలోనే ప్రణాళిక లోపం ఒకటి బయటపడుతుంది. ప్రాంతీయ, సామాజిక భేదాలు, ప్రామాణికీకరణ సమస్యలు అని ఉన్నది. దీనికి సమాధానం రాసేవారంతా భద్రిరాజు కృష్ణమూర్తి చూపిన నాలుగు మండలాల విభజనను చెబుతారు. ఆ విభజన శాస్త్రీయమైనది. ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం 1962లో వెలువడటం తెలుగు భాషాశాస్త్రంలో ఒక మైలురాయి. కాని ఆ పని ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలను ఆధారం చేసుకొన్నది. రాష్ట్రపు సరిహద్దు పరిశోధనకు హద్దు కావచ్చు, భాషకు హద్దు కాదు. "ఇతర రాష్ట్రాలలోని తెలుగు" అన్న మూడు మాటలు ఆ పాఠ్యాంశానికి చేర్చి ఉంటే, నాలుగు మండలాల తరవాత ఏమున్నదో పరీక్షకుడూ అడిగేవాడు, విద్యార్థీ చదివేవాడు. ప్రణాళికలో ఆ మాటలు లేకపోయినా సమాధానంలో రాయటానికి ఎవరి అడ్డూ లేదు.

4. రెండవ పత్రం : గడప దాటని తెలుగు

రెండవ పత్రానికి నిర్ణయించిన గ్రంథాలు పదిహేను. ప్రాచీన భాగంలో ఆరు : నన్నయ దుష్యంత చరిత్ర, తిక్కన శ్రీకృష్ణరాయబారం, శ్రీనాథుని గుణనిధికథ, పింగళి సూరన సుగాత్రీశాలీనుల కథ, మొల్ల రామాయణంలో బాలకాండ, కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం. ఆధునిక భాగంలో తొమ్మిది : గురజాడ ఆణిముత్యాలు, విశ్వనాథ ఆంధ్రప్రశస్తి, కృష్ణశాస్త్రి కృష్ణపక్షం, శ్రీశ్రీ మహాప్రస్థానం, జాషువ గబ్బిలం, నారాయణరెడ్డి కర్పూర వసంతరాయలు, కనుపర్తి వరలక్ష్మమ్మ శారదలేఖలు, ఆత్రేయ ఎన్.జీ.ఓ., రాచకొండ విశ్వనాథశాస్త్రి అల్పజీవి.

విడివిడిగా చూస్తే వీటిలో వేలెత్తి చూపవలసినది లేదు. కొన్ని ఎన్నికలు మెచ్చదగినవి కూడా. ఎన్.జీ.ఓ. నాటకంలోను అల్పజీవి నవలలోను ప్రధానపాత్రలు చిన్న గుమాస్తాలు. ఒకరు చాలని జీతంతో సంసారాన్ని ఈదలేనివారు. మరొకరు, సుబ్బయ్య, అందరికీ భయపడేవాడు. రేపు కలెక్టరు కాదలచినవాడు తన కార్యాలయంలో చివరి బల్ల దగ్గర కూర్చునే మనిషి లోపలి బాధను ముందుగా చదవాలని ఎవరో తలచినట్లున్నది. ఉద్దేశం అదే అయినా కాకపోయినా ఫలితం మంచిది. గబ్బిలం చదవకుండా అధికారి అయ్యేకంటే చదివి కావటం మేలు.

అన్నిటినీ కలిపి చూసినప్పుడే లోటు తెలుస్తుంది. ప్రాచీన భాగం రాజమహేంద్రవరం, నెల్లూరు, నంద్యాల, కృష్ణాతీరాల మధ్య తిరుగుతుంది. ఆంధ్రనాయక శతకం కృష్ణాజిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు మీద చెప్పింది. కర్పూర వసంతరాయలు కొండవీటి కథ. పదిహేనుమంది రచయితలలో తెలంగాణవారు నారాయణరెడ్డి ఒక్కరే. దక్షిణాంధ్ర కవులలో ఒక్కరూ లేరు. మొదటి పత్రంలో తంజావూరుకు ఒక అధ్యాయమంతా ఇచ్చి, రెండవ పత్రంలో ఒక్క పద్యమైనా చదివించకపోవటం వింత. పైగా ఈ పత్రం గ్రంథాలను స్వయంగా చదివి ఉండాలని అడుగుతుంది. రసధ్వన్యాది దృష్టులతోను, సామాజిక చారిత్రక దృష్టులతోను విమర్శించమంటుంది. చదవని సాహిత్యం గురించి మొదటి పత్రంలో విద్యార్థి ఏం రాయగలడు? ఎవరో చెప్పిన మాటే తిరిగి రాస్తాడు. రంగాజమ్మ, ముద్దుపళని పేర్లు జాబితాగా మిగిలిపోవటానికి కారణం ఇదే.

దీనికి రాగల ఆక్షేపణ తెలిసినదే. పదిహేను పుస్తకాలలో అన్ని ప్రాంతాలకూ వాటా పంచటం సాధ్యమా? కులప్రాంతాల లెక్కతో సాహిత్యాన్ని ఎన్నుకోవచ్చునా? కూడదు. ఇక్కడ అడుగుతున్నది వాటా కాదు. ఒక యుగాన్ని, ఒక సంప్రదాయాన్ని చరిత్రలో గుర్తించి గ్రంథాలలో విడిచిపెట్టటం ప్రణాళికలోని అంతర్వైరుధ్యం. దానిని సరిచేయటానికి విజయవిలాసం ఒక్కటి చాలు. మూడాశ్వాసాల చిన్న ప్రబంధం; అందులో ఒక ఆశ్వాసభాగం నిర్ణయిస్తే విద్యార్థికి బరువు కాదు. చమత్కారానికీ పదాల పొందికకూ అది పేరుపొందిన కావ్యం, ఔచిత్య వక్రోక్తి చర్చలకు చక్కగా ఒదుగుతుంది. దానికి తాపీ ధర్మారావు రాసిన హృదయోల్లాస వ్యాఖ్యకు 1971లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తంజావూరులో పుట్టిన కావ్యానికి అంత ప్రసిద్ధమైన వ్యాఖ్య రాసిన ఆయన జన్మస్థలం బరంపురం.

5. చేయవలసింది

ప్రణాళిక మారేవరకు వేచి ఉండటం విద్యార్థి పని కాదు. దరఖాస్తు నింపేటప్పుడు మూడు గడులనూ మూడు ప్రశ్నలుగానే చూడాలి. ఏ లిపిలో చేయి తడబడకుండా సాగుతుంది అన్నది మొదటి గడికి ప్రశ్న. ఏ భాషలో పాఠ్యపుస్తకాలు చదివి ఆలోచిస్తున్నాను అన్నది రెండవదానికి. ఏ సాహిత్యాన్ని రెండేళ్ళపాటు విసుగులేకుండా చదవగలను అన్నది మూడవదానికి. మూడవ గడిలో తెలుగు రాసినవారు రెండు పత్రాల సమాధానాలూ తెలుగులోనే, ప్రామాణిక వ్యవహారంలోనే రాయాలి. ఇంటి తెలుగును ఉదాహరణగా చూపవచ్చు. దానినే సమాధానపు భాషగా చేస్తే పరీక్షకుడికి అందదు. ఈ రెండింటి తేడా తెలిసి ఉండటమే ఆ పత్రంలోని మాండలిక పాఠం సారాంశం.

తెలుగు శాఖలు, పీఠాలు చేయవలసినది ఇంకొకటి ఉన్నది. వెలుపలి తెలుగునుంచి ఉదాహరణలు సేకరించి, పాఠ్యాంశాల వారీగా అమర్చి, విద్యార్థులకు అందించాలి. బళ్ళారి నాటకం మీద, పర్లాకిమిడి భాషాకృషి మీద, తంజావూరు యక్షగానం మీద పది పుటల చొప్పున నమ్మదగిన వ్యాసాలుంటే, నోట్సులలో పోయిన ఊళ్ళ పేర్లు మళ్ళీ చేరతాయి. పాఠ్యప్రణాళిక సవరణకు వినతి పంపేటప్పుడు కూడా అవే ఆధారాలవుతాయి. అభిమానంతో రాసిన వినతిపత్రం కంటే, ఈ గ్రంథం ఈ పాఠ్యాంశానికి ఇందువల్ల అవసరమని చూపిన వినతిపత్రం ఎక్కువ దూరం పోతుంది. ఆ "అవసరం" తెలుగు అర్థంలో అక్కర. తమిళ, కన్నడ అర్థంలో తొందర కూడా ఉన్నది.